మిద్దె మీద నిద్ర వేరు, టెంటులో నిద్ర వేరు

అమెరికా నుంచి ఏటా కర్నూలుకు వచ్చినప్పుడు, అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతున్న మా బంధువుల పిల్లలు బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె వంటి సందేహాలతో నా దగ్గరకు వస్తుంటారు. ఈసారి మా అన్న కొడుకు వేరే ప్రశ్న వేశాడు. భార్యతో కలిసి కాలిఫోర్నియాకు వెళ్తున్న అతణ్ణి అక్కడి స్నేహితులు అప్పుడే క్యాంపింగ్‌కు పిలిచారట. "చిన్నాయనా, టెంటు కొనమంటావా, అక్కడ అద్దెకిచ్చే చిన్న గది, అదే క్యాబిన్, తీసుకోమంటావా? చిన్నప్పటి నుంచి మిద్దె మీద పడుకున్నోళ్ళమే కదా, టెంటుదేముంది?" అన్నాడు. అతనికి చెప్పిన సమాధానాన్నే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ మిద్దె సంగతి చెప్పాలి. కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా ఎండాకాలంలో మనం ఆరుబయట పడుకునేది ఇంట్లో ఉక్క భరించలేకనే. పగలంతా కాగిన మిద్దె మీద సాయంత్రం బిందెలతో నీళ్ళు చల్లి, తడి ఆరాక చాప పరుచుకున్నా, అర్ధరాత్రి దాకా వీపుకు వెచ్చగా తగులుతూనే ఉంటుంది. కాలిఫోర్నియా కొండల్లో నేల ఇందుకు పూర్తిగా భిన్నం. అది ఒంట్లోని వేడిని రాత్రంతా లాగేస్తూ ఉంటుంది. యోసెమిటీ జాతీయ పార్కులోని టువాలమీ మెడోస్ దాదాపు 8,600 అడుగుల ఎత్తున ఉంటుంది కనుక, జూలైలో కూడా అక్కడి రాత్రులు నీళ్ళు గడ్డకట్టే చలికి దగ్గరగా వెళ్తాయి. ఆ విషయం పట్టించుకోకుండా, మా అమ్మ పాతచీరలతో కుట్టిచ్చిన బొంత కింద పరిచి, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్న నేను, రాత్రి రెండింటికి లేచి తెల్లారేదాకా కారు సీటులో ముడుచుకుని కూర్చున్నాను. కప్పుకోవడానికి ఏముందో చూసుకున్నాను కానీ, కింద ఏముందో చూసుకోలేదు.

అందువల్ల ఏ రకం క్యాంపింగ్ అన్నది పగటి షికార్లను బట్టి కాక, రాత్రి ఎలా గడుస్తుందన్న దాన్ని బట్టి, అదీ మీ ఇంట్లో అందరికంటే నిద్ర సుకుమారంగా ఉన్నవారిని బట్టి నిర్ణయించుకోవాలి. కొత్తగా వెళ్ళిన దంపతులకు నేను మొదట సూచించేది, కారు పక్కనే నిలుపుకుని టెంటు వేసుకునే క్యాంప్‌గ్రౌండ్. అక్కడ బల్ల, నెగడు వేసుకునే ఇనుప చట్రం ఉంటాయి. సాధారణంగా కుళాయి, మరుగుదొడ్లు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటాయి. వాన వచ్చినా, చలి ముదిరినా కారు ఉండనే ఉంది. నలుగురి టెంటు అని రాసి ఉన్నది సామానుతో సహా ఇద్దరికి సరిపోతుందని లెక్క వేసుకోండి. మామూలు గాలి పరుపు ఎంత మందంగా ఉన్నా లోపలి గాలి చల్లబడి వణికిస్తుంది కాబట్టి, చలి నేలకోసం చేసిన పరుపును, అక్కడి రాత్రి ఉష్ణోగ్రతకంటే కనీసం పది ఫారెన్‌హీట్ డిగ్రీలు తక్కువకు పనికొచ్చే స్లీపింగ్ బ్యాగును మొదటిసారి అద్దెకు తెచ్చుకోవడం మంచిది. ఎంత చలేసినా బొగ్గుల కుంపటిని మాత్రం టెంటులోకి తేకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తిండికి మన ఉగ్గానిని మించినది నాకు కనబడలేదు. బొరుగులు బరువుండవు, చెడిపోవు. నీళ్ళలో తడిపి పిండి, తిరగమాతలో కలిపి, పప్పుల పొడి చల్లితే పది నిమిషాల పని. అయితే ఆ తిరగమాత వాసన మనకెంత ఇష్టమో ఎలుగుబంట్లకూ అంతే. ఊరగాయ సీసా, టూత్‌పేస్టు, తలనూనె కూడా అక్కడుండే ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయాలి; యోసెమిటీలో రాత్రిపూట కారులో తిండి ఉంచడం నిషిద్ధం.

కడప నుంచో నంద్యాల నుంచో అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రం టెంటు మాట ఎత్తకుండా క్యాబిన్ తీసుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవారు నేల మీది నుంచి లేవలేరు. కాకపోతే క్యాబిన్ అంటే హోటలు గది అనుకోవద్దు. చాలాచోట్ల మంచం, పరుపు మాత్రమే ఉంటాయి, దుప్పట్లు మనవే, మరుగుదొడ్డి బయటే. ఆర్వీ అనే బండి ఇల్లు చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, దాని మురుగు తొట్టిని మీరే ఖాళీ చేయాలని తెలిశాక మోజు తగ్గుతుంది. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

వీపు మీద సామాను మోసుకుంటూ అడవిలోకి నడిచి వెళ్ళే పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెచ్చెర్వు మీదుగా శ్రీశైలానికి కాలినడకన పోయినవారు అదీ ఇంతే కదా అనుకుంటారు. శివరాత్రికి ఆ దారిలో అన్నదానాలు, చలివేంద్రాలు, వెనుకా ముందూ వేలమంది జనం ఉంటారు. అమెరికా అడవుల్లో అవేవీ ఉండవు: నీటిని మీరే వడకట్టుకోవాలి, మలవిసర్జనకు నీటి వనరులకు 200 అడుగుల దూరాన ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంత తవ్వి పూడ్చాలి, చెత్తంతా తిరిగి మోసుకు రావాలి. రెండు మూడు సార్లు కారు పక్కన పడుకున్నాకే దాని గురించి ఆలోచించండి.

ఇంతా విన్నాక మా కోడలు, "మామా, రాత్రి బాత్రూముకు ఎంత దూరం నడవాలి?" అని అడిగింది. టెంటు ధరల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న అదే. అమెరికా ప్రభుత్వ బుకింగు వెబ్‌సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో స్థలం తీసుకునేటప్పుడు ఒక్కో నంబరు ఎక్కడుందో మ్యాపులో కనిపిస్తుంది. మరుగుదొడ్డికి ఆనుకుని ఉన్నదాన్ని తీసుకుంటే రాత్రంతా తలుపు చప్పుడు, దీపం వెలుగు. మరీ దూరమైతే చీకట్లో నడక. మూడు నాలుగు స్థలాల అవతలిది చూసుకోండి. చాలా క్యాంప్‌గ్రౌండ్లకు ఆరు నెలల ముందే బుకింగు మొదలవుతుంది, పేరున్నవి నిమిషాల్లో అయిపోతాయి కనుక, జూలై ప్రయాణానికి జనవరిలోనే ఇద్దరూ కలిసి కూర్చుని ఆ మ్యాపు చూడాలి.