రోజూ వాకింగ్ చేస్తున్నా బ్యాలెన్స్ ఎందుకు తప్పుతోంది? నాకు పనికొచ్చిన సాధన

మీకు 53 ఏళ్లు, రోజూ పొద్దున్నే వాకింగ్ చేస్తున్నారు, బరువు అదుపులోనే ఉంది. అయినా మెట్లు దిగేటప్పుడు చెయ్యి దానంతటదే రెయిలింగ్ వెతుక్కుంటోంది. పూజ దగ్గర కింద కూర్చుంటే లేవడానికి ఏదో ఒకటి పట్టుకోవాల్సి వస్తోంది. వాకింగ్ ఇంకో అరగంట పెంచితే సర్దుకుంటుందా అని అడిగారు. వాకింగ్ మానకండి, కానీ ఈ సమస్యకి మందు అది కాదండీ. నాకిప్పుడు 59. ఇంచుమించు మీ వయసులోనే నాకూ ఇది మొదలైంది, ఇప్పుడు చాలావరకు బాగుపడింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో నడిచేటప్పుడు మనం ఒంటికాలి మీద ఉండేది అడుగుకి అర సెకను కూడా కాదు. గుండెకీ ఊపిరికీ షుగర్‌కీ ఆ నడక మంచిదే. కానీ తూలబోయి నిలదొక్కుకునే పని ఒంటికి అందులో తగలదు. కళ్లు, లోపలి చెవి, పాదాల్లోనూ కీళ్లలోనూ ఉండే స్పర్శ, ఈ మూడూ చెప్పేది మెదడు కలిపి చూసుకుంటేనే మనం నిలకడగా నిలబడతాం. వయసు పెరిగేకొద్దీ మూడూ కొద్దికొద్దిగా మందగిస్తాయి. పైగా ముప్పై దాటాక పదేళ్లకి సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందంటారు. మెట్లు ఎక్కడం కంటే దిగడమే భయమెందుకంటే, దిగేటప్పుడు తొడ ముందు కండ ఒంటి బరువంతా మోస్తూ మెల్లగా సాగాలి. ఆ ఓపిక కండకి లేకపోతే కాలు ధబ్బున కింది మెట్టు మీద పడుతుంది.

నాకు తేడా ముందుగా తెలిసింది స్నానాల గదిలో. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ఒళ్లు ముందుకి వాలేది, చెయ్యి గోడకి వెళ్లేది. కళ్లు తెరిస్తే మామూలే. మా డాక్టర్‌గారికి ఈ మాట చెప్పగానే ఆయన ప్రశ్నలన్నీ పాదాల మీదికి మళ్లాయి. కళ్లు మూసినప్పుడే తూలుతున్నామంటే, పాదాల్లో స్పర్శ తగ్గిన లోటుని ఇన్నాళ్లూ కళ్లు కప్పిపుచ్చుతూ ఉండొచ్చన్నమాట. రక్తపరీక్ష చేయిస్తే నరాలకి కావలసిన విటమిన్ బీ12 బాగా తక్కువ వచ్చింది. మాది శాకాహారం, దానికి తోడు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటున్నాను. రెండూ బీ12 తగ్గించేవే. ఇంజెక్షన్లు తీసుకున్నాక అరికాళ్ల తిమ్మిరి చాలా తగ్గింది.

అందుకని వ్యాయామం మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి. బీ12, షుగర్ చూడమనండి. బీపీ పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి చూడమనండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే మీ తూలు కాళ్లది కాకపోవచ్చు. వాడే మందులన్నీ సంచీలో వేసుకెళ్లండి. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, మగవాళ్లకి ప్రోస్టేట్‌కి ఇచ్చే కొన్ని మాత్రలు నిలబడగానే కళ్లు తిరిగేలా చేస్తాయి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలితే గది గిర్రున తిరుగుతోందంటే అది చాలాసార్లు లోపలి చెవి సంగతే. ఈఎన్‌టీ డాక్టర్లు తలని ఒక క్రమంలో తిప్పి సరిచేస్తారు, ఎప్లీ అంటారు దాన్ని. ఇక ఉన్నట్టుండి తూలుతూ మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, ఒకవైపు చెయ్యి పట్టు తప్పినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు సాధన విషయం. నేను ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. మొదటిరోజు ఆ అమ్మాయి చెప్పిన మాట మీకూ చెబుతాను: "గోడ పట్టుకోకండి ఆంటీ, గోడ పక్కన ఉండండి చాలు." మొత్తం కిటుకు ఇందులోనే ఉంది. ఒళ్లు కాస్త ఊగాలి, పడకూడదు. అసలు ఊగకుండా చేస్తే మెదడుకి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

నేను వంటగట్టు దగ్గర చేస్తాను. పాలు పొయ్యి మీద పెట్టి, గట్టుకి ఎదురుగా, చెప్పులు లేకుండా నిలబడి ఒక కాలు జానెడు ఎత్తుతాను. మొదట్లో రెండు చేతులూ గట్టు మీద ఉండేవి. తర్వాత రెండు వేళ్లు, తర్వాత ఒక్క వేలు, ఆ తర్వాత చేతులు గట్టుకి బెత్తెడు దూరంలో. ఆ సమయంలో ఒకసారి వంగి పాదాన్ని చూడండి. వేళ్లు నేలని గట్టిగా పట్టుకుంటూ వదులుతూ ఉంటాయి, మడమ పైన నరాల్లా కనిపించే కండరాల తాళ్లు అటూ ఇటూ కదులుతుంటాయి. ఆ చిన్న కదలికలే సాధన. పది సెకన్లు నిలబడగలిగాక తలని మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పుతూ చేయండి, రోడ్డు దాటేటప్పుడు మనకి కావలసింది అదే. కళ్లు మూసుకుని చేయడం మాత్రం పక్కన మనిషి ఉన్నప్పుడే.

ఈ పది సెకన్ల గురించి వాట్సాప్‌లో చాలా తిరుగుతోంది. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల వాళ్లు 1,702 మందిని పరీక్షించారు, 2022లో ఆ ఫలితం అచ్చయింది. పది సెకన్లు నిలబడలేనివాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయన్నది నిజమే. కానీ నిలబడలేకపోవడమే చావుకి కారణమని అందులో లేదు. వాళ్లలో షుగర్, అధిక బరువు లాంటివి కూడా ఎక్కువ. కాబట్టి ఈరోజు నాలుగు సెకన్లే నిలబడగలిగితే టెన్షన్ పడకండి, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

రెండోది, మడమకి వేళ్లు ఆనించి ఒకే గీత మీద నడవడం. హాల్లో టైల్స్ అతుకు గీత దీనికి సరిపోతుంది. పొలం గట్టు మీద నడిచినట్టే. గోడకి చెయ్యందేంత దూరంలో వెళ్లి రండి. కింద చూడకుండా ఎదురుగా చూస్తూ నడిస్తే అసలు పని మొదలవుతుంది.

మూడోది బలానికి. చేతులు ఛాతీ మీద పెట్టుకుని కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. లేవడం కంటే కూర్చోవడం మీద దృష్టి పెట్టండి, మనసులో నాలుగు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. మెట్లు దిగేటప్పుడు పనిచేసే కండ ఇదే. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూసుకోండి. అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ల కొలత ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 12 కంటే తక్కువ, మగవాళ్లు 14 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం తగ్గినట్టు. మీది ఇంకా చిన్న వయసు, అంతకంటే ఎక్కువే రావాలి. తర్వాత కింది మెట్టు మీద నిలబడి ఒక కాలు మెల్లగా నేలకి ఆనించి మళ్లీ పైకి తెచ్చుకోవడం. రెయిలింగ్ పక్కనే ఉండాలి.

కింద కూర్చోవడం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. యాభై దాటగానే ఇంట్లోవాళ్లు ప్రేమగా కుర్చీ తెచ్చి వేస్తారు, పెళ్లి భోజనాలకీ బల్లే, గుళ్లోనూ కుర్చీయే. వాడని కీలు బిగుసుకుపోతుంది. మోకాళ్లు బాగా అరిగినవాళ్లూ, ఆపరేషన్ అయినవాళ్లూ డాక్టర్ చెప్పినట్టే వినాలి, ఆ మాట వేరు. మిగతావాళ్లు ఈ అలవాటు వదులుకోకూడదు. నేను మందపాటి దిళ్లు రెండు పేర్చి వాటి మీద కూర్చుని లేవడంతో మొదలుపెట్టాను, తర్వాత ఒక దిండు, తర్వాత పీట, ఆ తర్వాత చాప. లేచేటప్పుడు నిటారుగా లేవాలని పంతం వద్దు. పక్కకి తిరిగి, చేతులూ మోకాళ్ల మీదికి వచ్చి, బలమైన కాలు ముందుకి వేసి, ఆ తొడ మీద చెయ్యి ఊని లేవండి. ఎప్పుడైనా పడితే ఎవరూ రాకముందే లేవడానికీ ఇదే దారి. చీలమండ బిగుసుకుని ఉంటే ఇదంతా కష్టం, కాబట్టి గోడకి చేతులు ఆనించి, వెనక కాలి మడమ నేలకి అదిమి పిక్క సాగదీయడం కూడా చేయండి.

ఎంత చేయాలంటే, 65 దాటినవాళ్లకి వారానికి కనీసం మూడు రోజులు బ్యాలెన్స్, బలం కలిసిన వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అరవై ఐదు వచ్చేదాకా ఆగడం దేనికి? వైద్య పరిశోధనలని కలిపి తూచి చూసే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2019లో 108 అధ్యయనాలతో చేసిన సమీక్షలో, వ్యాయామం చేసిన పెద్దవాళ్లలో పడిపోవడాలు 23 శాతం తగ్గాయి. నాకు తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పట్టింది. మాది రాజమండ్రి. కార్తీకమాసంలో గోదావరి గట్టు మెట్లు తడిసి నాచు పట్టి ఉంటాయి. ఆ యేడు నేను మా కోడలి చెయ్యి పట్టుకోకుండా, ఒక చేత్తో దీపాల పళ్లెం పట్టుకుని నీళ్ల దాకా దిగాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంట్లో కూడా కొన్ని మార్చుకోండి. అరిగిన హవాయి చెప్పులు పారేయండి. నైటీ అంచు మడమ తగలకుండా కుట్టించుకోండి. బాత్‌రూమ్‌లో నేల ఆరబెట్టి, గోడకి స్టీల్ హ్యాండిల్ వేయించండి. తువ్వాలు తగిలించే కడ్డీ మన బరువు ఆపదు. రాత్రి లేవాల్సి వస్తే మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలైతే, అంటే దూరానికీ దగ్గరకీ ఒకే అద్దం ఉన్నవైతే, మెట్లు దిగేటప్పుడు తల కూడా వంచి చూడాలి, కనుగుడ్లు మాత్రమే దించితే అద్దం కింది భాగంలోంచి మెట్టు మసగ్గా కనిపిస్తుంది. పప్పు, పెరుగు, తింటే గుడ్డు ఏ పూటా తగ్గించకండి. అన్నం మీద అన్నం తింటే కండ రాదు.

మోకాలి నొప్పి ఉందో లేదో మీరు రాయలేదు. దిగేటప్పుడు నొప్పి వల్ల ఆగుతున్నారా, కాలు ఆగదేమోనన్న భయంతో ఆగుతున్నారా? నొప్పి అయితే మెట్టు సాధన ఇప్పుడే వద్దు, కుర్చీతో మొదలుపెట్టండి. కళ్లు మూసుకుంటే తూలుతున్నారేమో కూడా గోడ పక్కన నిలబడి, ఎవరినైనా దగ్గర ఉంచుకుని చూసుకుని ఇక్కడే రాయండి, దాన్నిబట్టి ఏది ముందు చేయాలో చెబుతాను.