మ్యాక్ వేషం కట్టిస్తానంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. ప్రాసెసరు, బోర్డు, ర్యామ్, కార్డు, క్యాబినెట్ అన్నీ రాసి కింద 46 వేలు అని టోటల్ కూడా వేశావు. బాగానే ఉంది గానీ అందులో సగం సామాన్లు నువ్వు వెయ్యాలనుకుంటున్న మ్యాక్ ఓఎస్‌కి, అంటే ఆపిల్ కంప్యూటర్లని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కి, పనికిరావు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "వీడు ఏదో కంప్యూటర్ కట్టి అందులో ఆపిల్‌ది వేస్తానంటున్నాడు, నువ్వైనా ఏటో చెప్పు తమ్ముడూ" అంది. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే నువ్వు సగమే చదువుతావని ఒకేసారి రాస్తున్నాను.

ముందు గ్రాఫిక్స్ కార్డు. ఎన్‌విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 3060 రాశావు. గేమ్స్‌కి మంచిదే, ఇక్కడ మాత్రం దండగ. ఎన్‌విడియాకీ ఆపిల్‌కీ ఎప్పుడో చెడింది. హై సియెర్రా అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్ దాకా ఎన్‌విడియా వాళ్లే డ్రైవర్లు, అంటే కార్డుని ఓఎస్‌తో మాట్లాడించే ప్రోగ్రాములు, ఇచ్చేవారు, 2018లో మొజావే వెర్షన్ వచ్చాక అవీ పోయాయి. నా దగ్గర అప్పుడు ఎన్‌విడియాదే జీటీఎక్స్ 1060 ఉండేది, అయినకాడికి అమ్మేసి ఏఎమ్‌డీ వాళ్ల ఆర్‌ఎక్స్ 580 కొన్నాను, అది ఇప్పటికీ షాపులో తిరుగుతోంది. కాబట్టి ఏఎమ్‌డీ చూసుకో. 570, 580, 5700 ఎక్స్‌టీ, 6600 నడుస్తాయి, 6800 కూడా నడుస్తుంది, మధ్యలో ఉన్న 6700 నడవదు! ఎందుకంటే 6600, 6800 చిప్‌లతో ఆపిల్ మ్యాక్ ప్రోకి కార్డులు అమ్మింది, 6700లో ఉన్న చిప్‌ని ఏ మ్యాక్‌లోనూ పెట్టలేదు. 7000 సిరీస్ కూడా అంతే. "కొత్తది కదా మావయ్యా, ఇంకా బాగా నడుస్తుంది" అనకు. ఆపిల్ దేనికి డ్రైవర్ రాసుకుందో అదే నడుస్తుంది.

ప్రాసెసరు కూడా మార్చు. నువ్వు రాసిన 12వ తరం ఐ5ని మ్యాక్ ఓఎస్ గుర్తుపట్టదు, 10వ తరం అని అబద్ధం చెప్పి ఎక్కించాలి, పైగా దాని లోపలున్న గ్రాఫిక్స్ అస్సలు పనిచెయ్యదు. 10వ తరం ఐ5 10400 తీసుకుంటే లోపలున్న యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ నడుస్తుంది, కార్డు తర్వాత కొనుక్కోవచ్చు. ఇంకా చెప్పాలంటే వైజాగ్‌లో ఆఫీసులు ఖాళీ చేసి అమ్మే 8వ తరం ఐ5 డెస్క్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో చూడు. నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు, పాడుచేసినా మీ అమ్మ చేత తిట్లు తక్కువ పడతాయి. వైఫై గొడవ పెట్టుకోకు, లాన్ కేబుల్ లాగు. ఇంటెల్ వైఫైకి ఎవరో పుణ్యాత్ములు డ్రైవర్ రాశారు, నెట్ వస్తుంది గానీ ఆపిల్ ఫోన్లకీ మ్యాక్‌లకీ మధ్య ఫైళ్లు పంపుకునే ఎయిర్‌డ్రాప్ రాదు. ఒకప్పుడు అందరూ వెతుక్కుని కొన్న బ్రాడ్‌కామ్ వైఫై కార్డుల్ని 2023లో సొనోమా వెర్షన్‌తో ఆపిలే వదిలేసింది.

ఇక అసలు పని ఎలా జరుగుతుందో అర్థం చేసుకో, లేకపోతే వీడియో చూసి బటన్లు నొక్కుతావు, ఎక్కడో ఆగిపోతుంది, నాకు ఫోన్ చేస్తావు. నువ్వు చిన్నప్పుడు మన ఊళ్లో తూర్పు భాగవతం చూశావు కదా, మీసాలు గీసేసుకుని జడ వేసుకుని సత్యభామ దిగితే ముసలమ్మలు కూడా నోరు తెరుచుకుని చూసేవాళ్లు. ఇదీ అలాంటి వేషమే. ఆపిల్ 2006లో తన కంప్యూటర్లలో ఇంటెల్ ప్రాసెసర్లు పెట్టడం మొదలెట్టింది కాబట్టి, లోపల మ్యాక్‌కీ మన పీసీకీ పెద్ద తేడా లేకుండా పోయింది. మిగిలిన తేడాల్ని ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడర్, అంటే ఓఎస్‌ని లేపే చిన్న ప్రోగ్రాము, కప్పిపుచ్చుతుంది. డిస్కులో ఈఎఫ్ఐ అని చిన్న భాగం ఉంటుంది, ఓపెన్‌కోర్ అందులో కూర్చుని, మ్యాక్ ఓఎస్ లేచే ముందే మెమరీలో కావలసిన కెక్స్ట్‌లు, అంటే మ్యాక్ ఓఎస్‌కి డ్రైవర్లలాంటివి, పెట్టి, "నేను ఐమ్యాక్ 20,1ని" అని ఒక నిజం మ్యాక్ మోడల్ పేరు చెప్పేస్తుంది. నిజం మ్యాక్‌లో ఎస్ఎంసీ అని ఒక చిప్ ఉంటుంది, దాన్లో ఉన్న తాళంచెవి లేనిదే ఫైళ్లు చూపించే ఫైండర్, కింద ఐకాన్ల వరుస డాక్ లాంటివి తెరుచుకోవు. ఆ తాళం చూసుకునే కెక్స్ట్‌కి ఆపిల్ పెట్టిన పేరే "డోంట్ స్టీల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్". మన దగ్గర ఆ చిప్ ఉండదు కాబట్టి వర్చువల్ ఎస్ఎంసీ అనే కెక్స్ట్ దాని వేషం వేస్తుంది. సౌండ్‌కి ఆపిల్ఏఎల్‌సీ, గ్రాఫిక్స్‌కి వాటెవర్‌గ్రీన్, వీటన్నిటికీ కింద ఆధారంగా లిలూ అనే కెక్స్ట్. ఏది దేనికో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఇంకొకడి ఈఎఫ్ఐ ఫోల్డర్ దించుకుని నీ దాంట్లో అతికించకు, వాడి బోర్డు వేరు, నీ బోర్డు వేరు.

యూఎస్‌బీ దగ్గర నేను తిన్న దెబ్బ చెప్తాను. 2021, కరోనా రెండో వేవ్ రోజులు. ఇలా కట్టిన కంప్యూటర్‌లో ఒక పెళ్లి వీడియో ఎడిట్ చేస్తున్నాను, ఆ పెళ్లికి పట్టుమని పదిమంది బంధువులు కూడా రాలేదు, అందుకే వాళ్లకి వీడియో మరీ తొందరగా కావాలి, అమెరికాలో ఉన్న పెళ్లికొడుకు అన్నయ్య రోజుకి రెండుసార్లు ఫోన్. అలాంటప్పుడు నాకు బుద్ధి ఉండొద్దూ? మ్యాక్ ఓఎస్ 11.3 అప్‌డేట్ కనిపిస్తే నొక్కేశాను. ఆపిల్ గుర్తు వస్తుంది, సగం గీత నిండుతుంది, రీస్టార్ట్. మళ్లీ అదే. రెండు రాత్రులు నిద్ర లేదు, మీ అత్త టీ ఇచ్చి ఇచ్చి విసిగిపోయింది. సంగతేమిటంటే మ్యాక్ ఓఎస్ ఒక్కో యూఎస్‌బీ కంట్రోలర్‌కి 15 పోర్టులే లెక్కపెడుతుంది, ఆ హద్దు తీసేసే సెట్టింగ్ ఒకటి పెట్టుకుని నేను హాయిగా ఉన్నాను, 11.3తో ఆ సెట్టింగే తిరగబడింది. అప్పుడు కూర్చుని చెయ్యాల్సిన పని చేశాను. పాత యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్ ఒకటి, యూఎస్‌బీ 3ది ఒకటి పట్టుకుని క్యాబినెట్ ముందూ వెనకా ఒక్కో కన్నంలో పెట్టి తీసి, స్క్రీన్ మీద ఏ పేరు వెలుగుతుందో కాగితం మీద రాసుకున్నాను. నీలం రంగు కన్నం ఒకటే కనిపిస్తుంది గానీ లెక్కలో రెండు, 2కి ఒకటి, 3కి ఒకటి. అలా లెక్కేసి 15 లోపు ఉంచి మిగతావి మూసేశాను. ఈ పని నువ్వు మొదటి రోజే చెయ్యి. అప్‌డేట్ మాత్రం పని చేతిలో ఉండగా నొక్కకు, ముందు ఓపెన్‌కోర్‌నీ కెక్స్ట్‌లనీ కొత్తవి చేసుకుని, పనిచేస్తున్న ఈఎఫ్ఐని పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకుని, అప్పుడు.

విండోస్ ఉన్న డిస్కులో ఇది వెయ్యకు, వేరే ఎస్ఎస్‌డీ పెట్టు. బయోస్‌లో సెక్యూర్ బూట్, ఫాస్ట్ బూట్, సీఎస్ఎం, సీఎఫ్‌జీ లాక్ అనే సెట్టింగులు తీసెయ్. మొదట్లో ఎప్పుడూ వెర్బోస్‌లో, అంటే ఏం జరుగుతోందో లైన్లు లైన్లుగా స్క్రీన్ మీద కనిపించేలా, బూట్ చెయ్యి, ఆగిపోయినప్పుడు ఆఖరి ఐదు లైన్లు ఫోటో తీసి పంపు, "మావయ్యా రావట్లేదు" అని పంపితే నేనేం చెప్పను? ఇన్‌స్టాలర్ ఆపిల్ సర్వర్ నుంచే దించుకో, ఓపెన్‌కోర్‌తో వచ్చే స్క్రిప్టు ఆ పని చేస్తుంది, టోరెంట్లలో దొరికే రెడీమేడ్ ఇమేజ్‌లు ముట్టుకోకు, లోపల ఎవడేం పెట్టాడో తెలీదు. మ్యాక్ వేషానికి కావలసిన సీరియల్ నంబరు టూల్‌తో తయారు చేసుకున్నాక అది ఎవరిదైనా నిజం మ్యాక్‌దేమో ఆపిల్ సైట్లో చూడు, అయితే మార్చెయ్. ఇంకోటి, తిత్లీ తుఫాను నాటి నుంచి మా ఇంట్లో యూపీఎస్ లేని కంప్యూటర్ లేదు, మీ కాశీబుగ్గలో కరెంటు సంగతి నీకే ఎక్కువ తెలుసు.

ఇప్పుడు నీకు నచ్చని మాట. "రెండోది కట్టి స్టూడియోకి అమ్ముతాను" అన్నావట. వద్దు. మ్యాక్ ఓఎస్ 2013 నుంచి ఉచితమే, కానీ ఆపిల్ బ్రాండు ఉన్న కంప్యూటర్‌లోనే వాడాలని లైసెన్స్‌లో రాసుంది, మనం చేసేది ఆ మాట దాటడమే. ఇంట్లో నేర్చుకోవడానికి చేసేవాళ్ల జోలికి ఆపిల్ పెద్దగా రాలేదు, అలాగని అది అనుమతి అయిపోదు. అమ్మితే కథ వేరు. అమెరికాలో సైస్టార్ అనే కంపెనీ 2008లో ఇలాంటివే అమ్మింది, ఆపిల్ కోర్టుకెళ్లింది, 2009లో గెలిచింది, 2011లో అప్పీల్లోనూ గెలిచింది. నేను కూడా ఒకసారి తెలిసినాయనకి ఒకటి చేసిచ్చి డబ్బులు తీసుకున్నాను. తప్పే. ఆర్నెల్లు తిరక్కుండా ఆయన అప్‌డేట్ నొక్కేశాడు, ఆ తర్వాత రెండేళ్లు నా ఆదివారాలన్నీ ఆయనవే. డబ్బులు వెనక్కి ఇచ్చేస్తానన్నా ఒప్పుకోలేదు మహానుభావుడు.

పైగా ఈ ఆట ఆఖరికొచ్చింది. 2020లో ఆపిల్ తన సొంత చిప్‌లకి మారింది. 2025 జూన్‌లో టహో అనే వెర్షన్ చూపించినప్పుడే ఇంటెల్‌కి ఇదే ఆఖరని చెప్పేసింది. అందులో సౌండ్ డ్రైవర్ కూడా తీసేశారు, కాబట్టి నువ్వు దాని ముందు వెర్షన్ సెక్వోయా దగ్గరే ఆగు. తర్వాత వచ్చే వెర్షన్లకి ఎంత వేషం కట్టినా లాభం లేదు, ప్రాసెసరే వేరు. పెళ్లి వీడియోలతో నాలుగు రూపాయలు సంపాదించాలన్నది నిజంగా నీ ఉద్దేశమైతే, మ్యాక్ మినీ ఎం4 2024లో వచ్చినప్పుడు మన దగ్గర ధర 59,900, 16 జీబీ ర్యామ్‌తో. నీ 46 వేలకీ దానికీ తేడా రెండు పెళ్లిళ్ల ఎడిటింగ్. అది కూడా వద్దనుకుంటే నీ లిస్టు అలాగే ఉంచి విండోస్‌లో డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ వేసుకో, అప్పుడు ఆ 3060 బంగారంలా పనిచేస్తుంది. ఆపిల్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ లేకపోతే ఎడిటింగ్ రాదని నీకు ఎవడు చెప్పాడో గానీ, వాడు నాకు కనిపించకూడదు.

నేర్చుకోవాలనే ఉంటే మాత్రం కొనడం ఆపి ఆదివారం ఇక్కడికి రా. పొద్దున్న ప్యాసింజర్ ఎక్కి ఆమదాలవలసలో దిగు, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చెయ్. షాపులో 8వ తరం డబ్బా ఒకటి ఖాళీగా ఉంది, దాని మీద మొదటినుంచీ నువ్వే చెయ్యి, నేను పక్కన కూర్చుంటాను. 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, మీ నాన్న టేబుల్ సొరుగులో ఉండే ఆ పాత యూఎస్‌బీ 2ది ఒకటి తెచ్చుకో. జీడిపప్పు పంపొద్దని మీ అమ్మతో చెప్పు, పోయినసారివే ఇంకా ఉన్నాయి. ఉప్పు కారం వేసి వేయించినవైతే సరే, పంపమను.

మీ మావయ్య
శ్రీకాకుళం