లాప్‌టాప్ నడుస్తోంది, బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కడం లేదు: ముందు అడాప్టరు సంగతి తేల్చుకోండి

నాలుగేళ్ల కిందట కొన్న మీ లాప్‌టాప్ ఛార్జర్ పెట్టి ఉన్నంతసేపూ బాగానే నడుస్తోందని, బ్యాటరీ మాత్రం 7 శాతం దగ్గరే ఆగిపోయి ‘ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్’ అని చూపిస్తోందని, రిపేరు షాపులో బ్యాటరీ మార్చమన్నారని రాశారు. అడాప్టరు (అంటే ఛార్జర్) సంగతి తేలేదాకా కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టవద్దని నా గట్టి సలహా. నా లాప్‌టాప్‌లోనూ అచ్చం ఇవే లక్షణాలు కనిపించాయి. చివరికి లోపం తేలింది బ్యాటరీలో కాదు, అడాప్టరు తీగలో.

లాప్‌టాప్ నడుస్తోందంటే కరెంటు లోపలికి వస్తున్నట్టే. దాన్ని బ్యాటరీకి పంపాలా వద్దా అన్నది మదర్‌బోర్డు మీదున్న ఒక కంట్రోలర్ చూసుకుంటుంది. డెల్, హెచ్‌పీ కంపెనీల గుండ్రటి పిన్ను అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో సూదిలాంటి సన్నటి పిన్ను ఒకటి ఉంటుంది. అది ఉన్నది కరెంటు కోసం కాదు, అడాప్టరు ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కు తెలియజేయడం కోసం. ఆ సమాచారం అందనప్పుడు కంట్రోలర్ లాప్‌టాప్‌ను నడవనిస్తుంది గానీ బ్యాటరీకి ఛార్జింగ్ ఇవ్వదు. చాలా మోడళ్లలో అడాప్టరు మీద భారం పడకుండా ప్రాసెసర్ వేగాన్ని కూడా తగ్గించేస్తుంది. కాబట్టి మీ లాప్‌టాప్ ఈ మధ్య మందగించిందా అన్నది కూడా గమనించండి, అది మంచి ఆనవాలు.

నా అడాప్టరును షాపులో మల్టీమీటరుతో చూసి, 19.5 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి కాబట్టి అందులో లోపం లేదన్నారు. కొలత నిజమే, కానీ సమాచారం మోసే మూడో తీగ తెగిందో లేదో ఆ కొలతతో తెలియదు. పిన్నుకు ఆనుకుని ఉండే రబ్బరు భాగం దగ్గర తీగ రోజూ వంగి వంగి లోపల తెగింది, పైతొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ తీగను ఒక పక్కకు వంచి పట్టుకుంటే ఛార్జింగ్ గుర్తు వెలిగేది, వదిలేయగానే ఆరిపోయేది.

మీరు దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. లాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్2 గానీ, మీ మోడల్‌కు తగ్గ మరో మీట గానీ నొక్కి బయోస్‌లోకి (విండోస్ తెరుచుకునే ముందే వచ్చే సెట్టింగుల తెరలోకి) వెళ్లి, బ్యాటరీ సమాచారం ఉన్న చోట అడాప్టరు రకం ఏమని చూపిస్తోందో చూడండి. 65 వాట్లనో 90 వాట్లనో కాకుండా ‘అన్‌నోన్’ అని ఉంటే, అదే కంపెనీది, అవే వాట్లది అయిన మరో అడాప్టరును తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చి పెట్టి చూడండి. దానితోనూ అలాగే చూపిస్తే అనుమానం లాప్‌టాప్‌లోని ఛార్జింగ్ జాక్ మీదకు వెళుతుంది; చాలా మోడళ్లలో ఆ జాక్ చిన్న తీగతో విడిగా ఉంటుంది కాబట్టి దాని కోసం బోర్డు మార్చనక్కర లేదు. మీది టైప్-సి ఛార్జర్ అయితే ఇలా మధ్యలో ఉండే పిన్ను గొడవ ఉండదు గానీ, 65 వాట్లు కావలసిన లాప్‌టాప్‌కు 18 వాట్ల ఫోన్ ఛార్జర్ పెడితే చాలాసార్లు ఛార్జింగ్ ఎక్కదు.

అడాప్టరును బయోస్ సరిగ్గా గుర్తిస్తున్నప్పుడే బ్యాటరీని అనుమానించాలి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్’ అని ఆంగ్ల అక్షరాల్లో టైపు చేస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’ (కొత్తలో బ్యాటరీకి పట్టే ఛార్జింగ్) 42,000 మిల్లీవాట్ అవర్లు ఉండి, ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ (ఇప్పుడు పట్టేది) 15,000కు పడిపోయి ఉంటే బ్యాటరీ అరిగిపోయినట్టే. అయితే కేవలం అరిగిన బ్యాటరీ మామూలుగా త్వరగా నిండి త్వరగా ఖాళీ అవుతుంది తప్ప ఒకే అంకె దగ్గర కదలకుండా కూర్చోదు. నెలల తరబడి వాడకుండా వదిలేసిన లాప్‌టాప్ సంగతి వేరు. సెల్‌ల వోల్టేజి మరీ పడిపోతే బ్యాటరీలోని రక్షణ సర్క్యూటే ఛార్జింగ్‌ను అడ్డుకుంటుంది.

డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేయమని, ఛార్జర్ పీకేసి పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోమని చాలామంది చెబుతారు. ఖర్చు లేని పనులే కాబట్టి చేసి చూడండి, కానీ తెగిన తీగ వాటితో అతుక్కోదు. కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో బ్యాటరీ ఆయుష్షు కోసం 60 లేదా 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే అమరిక ఉంటుంది. మీది 7 దగ్గర ఆగింది కాబట్టి దాని జోలికి పోనక్కర లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, లాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. వెంటనే ఛార్జర్ తీసేసి వాడకం ఆపండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం ఎంతమాత్రం చేయకూడదు, నిప్పంటుకుంటుంది. తెలిసినవాళ్లతో తీయించి ఈ-వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వండి, చెత్తబుట్టలో వేయవద్దు.

అడాప్టరు, జాక్, బ్యాటరీ మూడూ బాగున్నా ఛార్జింగ్ ఎక్కకపోతే అప్పుడు మదర్‌బోర్డు మీది ఛార్జింగ్ సర్క్యూట్‌ను చూడాలి. బోర్డు మొత్తం మార్చమని ఎవరైనా అంటే ఒప్పుకునే ముందు, బోర్డు మీది చిప్‌లను విడివిడిగా బాగుచేసే ‘చిప్ లెవెల్ సర్వీసు’ వారికి చూపించండి. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల ఆ పని చేసేవారు దొరుకుతారు, పాడైన చిప్ ఒక్కటీ మారిస్తే సరిపోయే సందర్భాలు చాలా ఉంటాయి.