కొత్త రెస్టారెంటులో ఇద్దరికి ఏం చెప్పాలి, ఎప్పుడు వెళ్లాలి?

ఒడిశా బరంపురంలో కొత్తగా తెరిచిన రెస్టారెంటు రీల్స్‌లో మోగిపోతోంది, ఇచ్ఛాపురం నుంచి వచ్చే స్నేహితురాలితో శనివారం రాత్రి వెళ్తున్నాను, ఏం ఆర్డరివ్వాలి, బిల్లులో ఏం చూసుకోవాలి అని అడిగారు. హోటల్ వంటగది లెక్క తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ముందు ఆ శనివారం రాత్రిని మార్చండి. తెరిచిన మొదటి నెల రెండు నెలల్లో ఏ వంటగదీ కుదురుకోదు. మెనూలో వందకి పైగా ఐటమ్‌లుంటాయి, పొయ్యిల దగ్గర నలుగురైదుగురే ఉంటారు. ఎనిమిదిన్నరకి టేబుళ్లన్నీ ఒక్కసారే నిండితే రొట్టెలు, టిక్కాలు, కబాబులు అన్నీ వెళ్లి ఒకే తందూరు మీద పడతాయి. అక్కడే ఆలస్యం మొదలవుతుంది. తొందరలో తందూరు గోడ సరిగ్గా కాలకముందే రొట్టె కొడితే అడుగు తెల్లగా, పిండి వాసనతో వస్తుంది. గోడ మరీ కాలితే పైన నల్లటి పొక్కులు, మధ్యలో పచ్చిపిండి. మొదటి రొట్టెను తిరగేసి అడుగు చూడండి. గోధుమరంగు మచ్చలు సమంగా ఉంటేనే రెండోది చెప్పండి. నాన్ నాలుగైదు నిమిషాలు దాటితే తోలులా సాగుతుంది, అందుకే ఒక్కోటిగా తెప్పించుకోవాలి.

సోమ, గురువారాల్లో ఇక్కడ చాలా ఇళ్లలో నీచు ముట్టరు, కాబట్టి ఆ రోజుల్లో మాంసం కదలదు. బుధవారం సాయంత్రం ఏడుకి, లేదా ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్లడం మంచిది. ఆదివారం జనం ఎక్కువే, కానీ హండీలు (బిరియానీ వండే కుండలు) త్వరగా ఖాళీ అవుతాయి కాబట్టి బిరియానీ తాజాగా దొరుకుతుంది. కార్తీకమాసం లెక్క వేరు. ఒడియావాళ్ల కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలై పౌర్ణమితో ముగుస్తుంది. వాళ్లదీ మనదీ కలిపితే దాదాపు నెలన్నర మాంసానికి గిరాకీ తగ్గుతుంది, ఫ్రీజర్లో సరుకు నిలవుంటుంది. అప్పుడు పనీరు, పుట్టగొడుగుల కూరలు చెప్పుకోవడం మేలు. పౌర్ణమి మర్నాడు ఛాడ ఖాయి, ఆ రోజు ఊరంతా మాంసం మీదే ఉంటుంది, పొరపాటున కూడా వెళ్లకండి. రెండేళ్లకోసారి వేసవిలో వచ్చే ఠాకురాణీ యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) రోజుల్లోనూ అంతే, బండి పెట్టుకోవడానికే చోటుండదు.

బిరియానీ సంగతి. కూర్చోగానే సప్లయర్‌ని అడగాల్సింది “ఏది బాగుంటుంది” అని కాదు, “కొత్త హండీ ఎన్నింటికి తీస్తారు” అని. దమ్ విప్పిన మొదటి గంటే దాని వేళ. తరువాత ఆవిరంతా పోయి పై అన్నం ఎండుతుంది, అడుగు అన్నం నెయ్యి, మసాలా పీల్చి ముద్దవుతుంది. పాతదాన్ని మళ్లీ వేడిచేసి తెస్తే పోల్చుకోవచ్చు: మెతుకులు విరిగి ఉంటాయి, తెలుపు, పసుపు మెతుకులు విడివిడిగా కాకుండా అంతా ఒకే లేత రంగులో కలిసిపోతుంది, ముక్క పీచు పీచుగా పొడిగా ఊడుతుంది. మంచి బిరియానీలో ముక్క ఎముక దగ్గర తడిగా ఉండాలి, చెంచాతో నొక్కితే విడిపోవాలి. ప్లేటు రాగానే అడుగు నుంచి ఒక చెంచా తీసి చూడండి. పైన అలంకారం, అడుగున తెల్లన్నం వస్తే మసాలా కలపమని వెంటనే చెప్పండి, సగం తిన్నాక చెబితే ఎవరూ వినరు.

ఇద్దరికి కలిపి పావుకిలో బియ్యం చాలు, ఉడికితే అది ముప్పావు కిలో దాకా అవుతుంది. చాలాచోట్ల ఫుల్ అంటే ఇద్దరికి దాదాపు సరిపోతుంది, అయినా ఎన్ని ముక్కలు వేస్తారో అడగండి. దానికి తోడు ఒక స్టార్టర్, ఒక కూర, రెండు రొట్టెలు. అంతకు మించి మొదటిసారి వద్దు. అన్నీ ఒకేసారి చెప్పకండి కూడా. ముందు స్టార్టర్ చెప్పి, అది వచ్చాక మిగతావి చెబితే బల్ల మీద ఏదీ చల్లారదు.

మందీ (అరబ్బీ తరహా మాంసం అన్నం) అయితే పక్కన ఇచ్చే మయోనైజ్ చూసుకోండి. పచ్చి గుడ్డుతో చేసింది ఎండలో గంటసేపు బయట ఉంటే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. తెలంగాణ 2024 అక్టోబరులో దాన్ని నిషేధించింది కూడా. గిన్నె చేతికి చల్లగా తగలకపోతే పక్కన పెట్టేయండి.

చిలికా రొయ్యలని బోర్డు ఉన్నా ముక్కను చూసే నమ్మాలి. అర్ధచంద్రంలా వంగి, కొరికితే పటపటమంటే సరిగ్గా వండారు. గుండ్రంగా చుట్టుకుపోయి రబ్బరులా ఉంటే ఎక్కువసేపు మగ్గింది. పిండిపిండిగా ఉంటే సరుకే పాతది, వాపసు ఇవ్వండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, ఆ రెండు నెలల్లో సముద్రపు చేప “ఈరోజు పట్టిందే” అంటే నమ్మకండి.

ఇక బిల్లు. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం, అందులో 2.5 కేంద్రానిది, 2.5 రాష్ట్రానిది. కాంపోజిషన్ (చిన్న వ్యాపారుల పన్ను) పథకంలో ఉన్నవాళ్లు జీఎస్టీ వసూలు చేయకూడదు, బిల్లు మీద ఆ మాట రాసి ఉంటుంది. సర్వీస్ చార్జి కలిపితే తీసేయమనండి. దాన్ని బలవంతంగా వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్నే సమర్థించింది. తీయనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. సీసా నీళ్లకు కూర్చుని తినేచోట ఎంఆర్‌పీ కంటే ఎక్కువ వేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే ముందే మామూలు నీళ్లు అడగండి. సప్లయర్ సీసా మూత తిప్పాక “వద్దు” అనడానికి ఉండదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు బిల్లు మీద ఉండాలి, లేకపోతే ఆ చోటుకి మళ్లీ వెళ్లను.

ఇద్దరూ సగం సగం వేసుకుంటారా, ఒకరే కడతారా అన్నది ఆర్డరుకి ముందే మాట్లాడుకోండి. యూపీఐతో రెండు భాగాలుగా కడతామంటే క్యాష్ కౌంటర్‌కి ముందే చెప్పాలి, బిల్లు మిషన్‌లో కొట్టాక వాళ్లకి ఇబ్బంది.

మిగిలిన బిరియానీ స్నేహితురాలు ఇచ్ఛాపురం పట్టుకెళ్తానంటే పెరుగు చట్నీ విడిగా కట్టించండి, ఉల్లిపాయ వదిలేయండి. బల్ల మీదకి వచ్చిన రెండు గంటల్లోపు అన్నం ఫ్రిజ్‌లో చేరాలి. వండిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విషం మళ్లీ వేడిచేసినా పోదు.