పన్నెండో తరగతి చరిత్ర అంటే తేదీల బట్టీయేనా?

సీబీఎస్ఈ పన్నెండో తరగతిలో చరిత్ర తీసుకుంటే తేదీలు బట్టీ పట్టడంతోనే సరిపోతుందా అన్న ప్రశ్నకు, సరిపోదనే చెప్పాలి. ఇటీవలి విధానంలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 ప్రాజెక్టుకు ఉంటాయి. రాతపరీక్షలోనూ 12 మార్కులు మూల ఆధారాల నుంచి ఇచ్చిన భాగాలను చదివి జవాబు రాయడానికి, 5 మార్కులు పటంలో స్థలాలను గుర్తించడానికి కేటాయించారు.

విజయనగరం పాఠాన్నే చూడండి. తళ్ళికోట యుద్ధం 1565లో జరిగిందని గుర్తుంచుకోవడం ఎంతసేపు? పదిహేనో శతాబ్దంలో వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ ఏడు వరసల కోటగోడలనూ, వాటి నడుమ సాగుభూములనూ ప్రస్తావించాడు. పొలాలను సైతం గోడల లోపల ఎందుకు ఉంచారో, దీర్ఘకాలం సాగే ముట్టడులను దృష్టిలో పెట్టుకుని వివరించడమే అసలు పని. 8 మార్కుల జవాబులు మూడు రాయాలి గనుక, చదవడంతో సమానంగా రాత సాధన కూడా అవసరం.