శాస్త్ర సందేహాలు: సీజర్‌కు తెలివి ఎక్కడి నుంచి వచ్చింది?

2011లో వచ్చిన ‘రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ సినిమా గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. సినిమా చూడనివారి కోసం కథ క్లుప్తంగా: అల్జీమర్స్ వ్యాధికి మందు కనిపెట్టే ప్రయత్నంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక కంపెనీ చింపాంజీల మీద ప్రయోగాలు చేస్తుంది. ఆ మందు ఎక్కిన తల్లికి పుట్టిన సీజర్ అనే చింపాంజీ ఒక శాస్త్రవేత్త ఇంట్లో మనిషికి దీటైన తెలివితో పెరిగి, చివరికి తన జాతిని వెంటబెట్టుకుని మనుషుల మీద తిరగబడుతుంది.

ప్రశ్న: మందు ఎక్కించింది తల్లికి, తెలివి వచ్చింది బిడ్డకు. ఇది సాధ్యమేనా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: సినిమాలో చూపించినది మామూలు మందు కాదు, మార్పు చేసిన వైరస్ సాయంతో మెదడు కణాల్లోకి జన్యువును చేరవేసే చికిత్స. ఈ పద్ధతి కల్పితం కాదు. వెన్నుపాములోని నాడీకణాలు దెబ్బతిని కండరాలు క్షీణించే ఒక పుట్టుజబ్బుకు, హాని చేయని వైరస్‌ను వాహనంగా వాడి పసిపిల్లలకు జన్యువును అందించే చికిత్సకు అమెరికాలో 2019లో అనుమతి లభించింది. అయితే అలా చేరిన జన్యువు ఆ రోగి శరీర కణాలతోనే ఆగిపోతుంది. అండంలోకో వీర్యకణంలోకో చేరితే తప్ప అది సంతానానికి రాదు, అలా చేరకుండా చూడడమే వైద్యులు తీసుకునే జాగ్రత్తల్లో ముఖ్యమైనది.

కానీ కథలో తల్లి చింపాంజీ అప్పటికే గర్భంతో ఉంది, ఆ సంగతి ప్రయోగశాలలో ఎవరూ గమనించలేదు. కాబట్టి ఇక్కడ వారసత్వం కంటే, వైరస్ మాయను దాటి పిండం మెదడును నేరుగా చేరిందని అనుకోవడమే సబబు. మెదడు ఎంత పెద్దదవుతుందో చాలావరకు నిర్ణయమయ్యేది గర్భంలోనే. నాడీకణాలుగా మారడానికి ముందు మూలకణాలు ఎన్నిసార్లు విభజన చెందుతాయనే దాని మీద అది ఆధారపడి ఉంటుంది. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటే, చింపాంజీ మెదడులో అందులో మూడో వంతు ఉంటాయని అంచనా. ఆ తేడాను తగ్గించాలంటే జోక్యం చేసుకోవలసిన సమయం గర్భస్థ దశే. తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, కథ మొత్తంలో శాస్త్రానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న మలుపు ఇదేనని నా అభిప్రాయం.

ప్రశ్న: అదే సినిమాలో పెద్ద వయసు వానరాలు మందు ఆవిరి పీల్చి తెల్లారేసరికి తెలివిమీరిపోతాయి. అది కూడా సాధ్యమేనా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్)

జవాబు: సాధ్యం కాదు. ఎదిగిన జంతువు మెదడులో కోట్ల సంఖ్యలో కొత్త కణాలు పుట్టించే దారి లేదు, పుట్టినా పట్టేంత చోటు పుర్రెలో లేదు. మరో ఇబ్బంది కూడా ఉంది. తెలివి అంటే బండిలో పెట్రోలు పోసినట్టు పోసేది కాదు. సీజర్‌కు ఒక ఇంట్లో సైగలు నేర్పిన మనిషి, చదరంగం బల్ల, ఏళ్ల తరబడి సావాసం ఉన్నాయి. బోనుల్లో పెరిగిన మిగతావాటికి అవేవీ లేవు. రాజమౌళి ‘ఈగ’లో చనిపోయిన నాని ఈగగా పుట్టి పగను గుర్తుపెట్టుకుంటే మనం ఎలాగని అడగం, ఎందుకంటే అది పునర్జన్మ కథ. కారణం చెబుతానని ముందుకొచ్చిన సినిమాను మాత్రం అడగవలసిందే.

ప్రశ్న: సీజర్ మొదటిసారి నోరు విప్పి ‘నో’ అని అరిచే సన్నివేశానికి మా ఇంట్లో అందరం ఉలిక్కిపడ్డాం. చింపాంజీకి నిజంగా మాట వచ్చే అవకాశం ఉందా? (ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: ఈ ప్రయత్నం నిజంగానే జరిగింది. 1940ల చివర్లో అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్తల జంట, హేస్ దంపతులు, వికీ అనే చింపాంజీ పిల్లను సొంత బిడ్డలా ఇంట్లో పెంచారు. పెదవులను చేతితో కదిలిస్తూ ఏళ్ల తరబడి నేర్పినా అది పలకగలిగినవి మామా, పాపా, కప్, అప్ అనే నాలుగు మాటలే, అవీ గుసగుసలా వచ్చేవి. దాంతో తర్వాతివారు నోటిని వదిలి చేతులను ఆశ్రయించారు. 1966లో నెవాడాలో గార్డ్‌నర్ దంపతులు వాషో అనే చింపాంజీకి బధిరుల సైగల భాష నేర్పడం మొదలుపెట్టగా, అది సుమారు 130 సైగలు నేర్చుకుంది. 1970లలో హెర్బర్ట్ టెరెస్ అనే పరిశోధకుడు నిమ్ అనే మరో చింపాంజీ మీద ఇదే ప్రయత్నం చేశాడు. అది వరసగా చేసిన సైగల్లో అన్నిటికంటే పొడవైనది 16 సైగలది. కానీ అందులో ఉన్నవి ఇవ్వు, నారింజ, నాకు, తిను, నువ్వు అనే అయిదు మాటలే, తిప్పి తిప్పి అవే. వీడియోలను ఒక్కొక్క చట్రంగా పరిశీలించిన టెరెస్, నిమ్ ఎక్కువగా శిక్షకుల సైగలనే అనుకరిస్తోందని, వాక్యం కూర్చడం దానికి తెలియదని 1979లో ప్రకటించాడు. ఈ నిర్ణయం మరీ కఠినమని వాదించినవారూ ఉన్నారు.

గొంతు నిర్మాణమే అడ్డమని చాలాకాలం అనుకున్నారు. 2016లో టెకుమ్సే ఫిచ్ బృందం మకాక్ కోతి నోటి, గొంతు కదలికలను ఎక్స్‌రే వీడియోలో తీసి కంప్యూటర్ నమూనా తయారుచేసి చూస్తే, అర్థమయ్యే మాటకు సరిపడా అచ్చుల ధ్వనులు ఆ గొంతుకు సాధ్యమేనని తేలింది. కొరత ఉన్నది గొంతును అదుపులో పెట్టే మెదడులో. ఆ లెక్కన మెదడే మారిన సీజర్ ‘నో’ అనడం అంత అసంబద్ధం కాదు. అయినా సినిమా ఎక్కువభాగం వానరాలతో సైగల్లోనే మాట్లాడించడం, ముఖ్యంగా సర్కస్‌లో సైగలు నేర్చిన ఒరాంగుటాన్ సీజర్‌తో ముచ్చటించే ఘట్టం, దర్శకుడు రూపర్ట్ వయాట్ బృందం విషయం చదువుకునే దిగిందని చెబుతుంది.

ప్రశ్న: ఇలాంటి ప్రయోగాలు నిజంగా ఎవరైనా చేస్తున్నారా? సినిమాలోవి అసలైన చింపాంజీలేనా? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: రెండో దానికి ముందు చెబుతాను. సినిమాలో ఒక్క నిజమైన వానరం కూడా లేదు. సీజర్‌గా నటించినది ఆండీ సర్కిస్. ఆయన కదలికలను, ముఖకవళికలను పట్టి వేటా సంస్థ కంప్యూటర్లలో చింపాంజీగా మార్చింది.

ఇక ప్రయోగాల సంగతి. చైనాలోని కున్మింగ్‌లో మెదడు పెరుగుదలతో సంబంధమున్న మానవ జన్యువును రీసస్ కోతుల్లో చొప్పించారు. బతికిన అయిదు కోతులు స్వల్పకాలిక జ్ఞాపకశక్తి పరీక్షల్లో కొంత మెరుగ్గా కనిపించాయని, వాటి మెదడు మాత్రం పెద్దదవలేదని 2019లో వెల్లడించారు. ఇంత కొద్ది కోతులతో ఏమి తేల్చగలరని, అసలు ఈ పని చేయవచ్చా అని విమర్శలు వచ్చాయి. మరుసటి ఏడాది జర్మనీ, జపాన్ శాస్త్రవేత్తలు మనిషిలో మాత్రమే ఉండే మరో జన్యువును మార్మోసెట్ అనే చిన్న కోతి పిండాల్లో ప్రవేశపెడితే, నున్నగా ఉండవలసిన మెదడు పైపొర పెద్దదై ముడతలు పడింది. పుట్టబోయే జీవి ప్రవర్తన ఎలా ఉంటుందో తెలియదు కనుక, ఆ పిండాలను కాన్పు దాకా రానివ్వలేదు.

చింపాంజీల మీద మాత్రం దారి ఇంచుమించు మూసుకుపోయింది. ఈ సినిమా విడుదలైన 2011 చివర్లోనే, చింపాంజీల మీద జరుగుతున్న వైద్య పరిశోధనల్లో చాలావరకు అనవసరమని అమెరికాలో ఒక నిపుణుల నివేదిక తేల్చింది. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు 2013లో తమ చింపాంజీల్లో ఎక్కువ వాటికి విశ్రాంతి ఇవ్వాలని, 2015లో మిగిలినవాటికీ అదే వర్తింపజేయాలని నిర్ణయించాయి. వాటిలో చాలా వాటిని లూసియానాలోని చింప్ హేవెన్ అనే శరణాలయానికి చేర్చారు.