సైక్-సోష్‌కి ట్యూటర్ పెట్టాలా?

సందేహం: మేం డాలస్ వచ్చి రెండేళ్లు కావస్తోంది. ఇంకా హెచ్1బీ మీదే ఉన్నాం. పాప ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ రెండో ఏడు చదువుతోంది, డాక్టర్ కావాలని దాని కోరిక. ఇక్కడ మెడికల్ కాలేజీలో చేరడానికి రాసే ఎంక్యాట్‌లో సైకాలజీ, సోషియాలజీ కూడా ఉంటాయట. దానికి ఇప్పటినుంచే ట్యూటర్‌ని పెట్టమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. గంటకు నూట యాభై డాలర్లు అడుగుతున్నారు. పెట్టమంటారా? మా అక్క కూతురు విజయవాడలో ఎంబీబీఎస్ చదువుతోంది. అమెరికా రావాలంటే తనూ ఈ పరీక్ష రాయాలా?

ఇప్పుడే వద్దండీ. ట్యూటర్ అసలు అక్కర్లేదని కాదు. ఏ పనికి పెడుతున్నామో తేల్చుకోకుండా పెడితే ఆ డబ్బంతా పుస్తకంలో ఉన్నదాన్నే ఇంకొకరు చదివి వినిపించడానికి పోతుంది.

ముందు పరీక్ష సంగతి. మన దగ్గర ఇంటర్ అవగానే నీట్ రాసి మెడిసిన్‌లో చేరతారు. ఇక్కడ మెడికల్ కాలేజీలో చేరే ముందు నాలుగేళ్ల డిగ్రీ చేయాలి, ఎంక్యాట్ రాసి అప్లై చేయాలి. ఏఏఎంసీ అనే అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఈ పరీక్ష పెడుతుంది. 2015లో పరీక్షను మార్చినప్పుడు సైకాలజీ, సోషియాలజీ కలిపి కొత్తగా ఒక సెక్షన్ చేర్చారు. పిల్లలు దాన్నే సైక్-సోష్ అంటారు. 95 నిమిషాల్లో 59 ప్రశ్నలు. అందులో 44 ప్రశ్నలు పది పాసేజీల కింద వస్తాయి, మిగతా 15 విడివిడిగా ఉంటాయి. సుమారు 65 శాతం సైకాలజీ, 30 శాతం సోషియాలజీ, మిగిలిన కాస్త బయాలజీ. నీట్‌లోలా తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలక్కర్లేదు.

"అది సోషల్ లాంటిదే కదా, ఆఖరి రెండు వారాల్లో చూసుకోవచ్చు" అని మన ఇళ్లలో తరచూ వినబడుతుంది. మనవాళ్లకి ఫిజిక్స్, కెమిస్ట్రీ అంటే ఉన్న గౌరవం ఇంకే సబ్జెక్టు మీదా లేదు, కాబట్టి ఆ మాటకి ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. కానీ ఎంక్యాట్ లెక్కలో నాలుగు సెక్షన్లూ సమానమే. ఒక్కోదానికి 118 నుంచి 132 దాకా స్కోరు, నాలుగూ కలిపితే గరిష్ఠం 528. మెడికల్ కాలేజీల్లో సీటు వచ్చినవాళ్ల సగటు 511, 512 దగ్గర ఉంటోంది. కెమిస్ట్రీలో ఒక పాయింటు పెంచుకోవడానికి నెలలు పట్టే పిల్లలు సైక్-సోష్‌లో అంతకంటే త్వరగా పైకి రాగలరు. దాన్ని చిన్నచూపు చూడటం చేతికొచ్చిన మార్కులు వదులుకోవడమే.

మరి ట్యూటర్ ఎందుకు వద్దంటున్నాను? ఈ సెక్షన్‌లో సిలబస్ కష్టం కాదు, విస్తారం. పియాజే దశలు, ఎరిక్సన్ దశలు, పావ్‌లోవ్ కుక్క, డర్క్‌హైమ్, మార్క్స్, వెబర్... పేర్లూ పదాలూ వందల్లో ఉంటాయి. ఖాన్ అకాడమీ వీడియోలు ఉచితం. పదాల కోసం యాంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో పిల్లలే తయారుచేసి పంచుకున్న కార్డులున్నాయి, అవీ ఉచితమే. రోజూ అరగంట కార్డులు తిప్పితే పదాలు వాటంతటవే పడతాయి. ఇంకా మంచి దారి కాలేజీలోనే ఇంట్రడక్టరీ సైకాలజీ, సోషియాలజీ కోర్సులు తీసుకోవడం. మీ అమ్మాయి రెండో ఏడులోనే ఉంది, ఇంకా టైముంది. కొన్ని మెడికల్ కాలేజీలు ఈ కోర్సులు అడుగుతాయి కూడా. వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో చేస్తే చవక. కాకపోతే కొన్ని మెడికల్ కాలేజీలు కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లను, హైస్కూల్లో తెచ్చుకున్న ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్రెడిట్లను ఒప్పుకోవు. ముందే కనుక్కోండి.

పదాలన్నీ వచ్చాక కూడా 125, 126 దగ్గర ఆగిపోయే పిల్లలు ఉంటారు. ట్యూటర్ పనికొచ్చేది అక్కడ. ఎందుకు ఆగిపోతారో రెండు ఉదాహరణలతో చెబుతాను.

కొడుకు పుస్తకం తీసేదాకా తల్లి సణుగుతూనే ఉంటుంది. తీయగానే ఆపేస్తుంది. దాంతో కొడుకు పుస్తకం తీయడం పెరిగింది. ఇదేమిటి అని అడిగితే, కార్డులన్నీ బట్టీ పట్టిన పిల్ల కూడా సణుగుడు శిక్షే కదా అని పనిష్మెంట్ వైపు వెళుతుంది. జవాబు నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. ఇబ్బంది పెట్టేదాన్ని తీసేస్తే ఒక అలవాటు పెరిగింది, అంతే. మంచి ట్యూటర్ అక్కడితో ఆగడు. "మరి తల్లి సణుగుడు ఎందుకు తగ్గట్లేదు?" అని తిప్పి అడుగుతాడు. సణిగిన ప్రతిసారీ కొడుకు పుస్తకం తీస్తున్నాడు, అంటే ఆమె అలవాటుకు పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ దొరుకుతోంది. ఇలా రెండు వైపుల నుంచీ చూడగలిగిన పిల్లకి ఆ ప్రశ్న ఏ వేషంలో వచ్చినా టెన్షన్ ఉండదు. (ఈ ఉదాహరణ మా ఇంట్లో చెప్పినప్పుడు అందరూ నావైపే చూశారు, అది వేరే విషయం.)

రెండోది పాసేజీ చదవడం. ఒక సర్వేలో, అమెరికా వచ్చి ఎక్కువ ఏళ్లయిన వలసదారుల్లో బీపీ ఎక్కువగా ఉందని గ్రాఫ్ ఇచ్చారనుకోండి. ఆప్షన్లలో "అమెరికా జీవితం వల్ల బీపీ పెరుగుతుంది" అని ఒకటి ఉంటుంది. మన ఇంటి పిల్లకి అది చూడగానే నిజమే అనిపిస్తుంది, రోజూ వింటున్న మాటే కదా! కానీ వచ్చి ఎక్కువ ఏళ్లయినవాళ్ల వయసూ ఎక్కువే ఉండొచ్చు. వయసుతో బీపీ పెరుగుతుంది. పైగా అందరినీ ఒకే సమయంలో అడిగి చేసిన సర్వే అది, కొన్నేళ్లపాటు వెంట ఉండి చూసింది కాదు. కాబట్టి కారణం ఫలానా అని తేల్చే జవాబు తప్పు, రెండింటికీ సంబంధం ఉందని మాత్రం చెప్పే జవాబు ఒప్పు. సొంత అనుభవాన్ని పక్కనపెట్టి, కాగితం మీద ఉన్నంతవరకే జవాబు చెప్పాలి. ఇండియాలో టెన్త్ దాకానో ఇంటర్ దాకానో చదివి వచ్చిన పిల్లలకి ఇదే అన్నింటికంటే కష్టం, ఎందుకంటే అక్కడ ప్రశ్న చూడగానే జవాబు గుర్తుకు రావడమే తెలివి అని నేర్పాం.

అందుకని ముందు పాప చేత ఒక ప్రాక్టీస్ టెస్ట్ రాయించి, తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కనా కారణం రాయమనండి. పదం తెలియలేదా, గ్రాఫ్ చదవలేదా, లేక రెండు జవాబుల మధ్య ఊగి తప్పుది పెట్టిందా? పదం తెలియక పోయినవే ఎక్కువుంటే ట్యూటర్ డబ్బు దండగ, కార్డులు చాలు. మిగతా రెండూ ఎక్కువుంటే అప్పుడు పెట్టండి, అదీ పరీక్షకు రెండు మూడు నెలల ముందు, వారానికి ఒక గంట. ఆ గంటలో కొత్త పాఠాలు చెప్పించుకోకూడదు. ఆ వారం తప్పు పోయిన ప్రశ్నలు ముందేసుకుని కూర్చోవాలి. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఒకే ట్యూటర్‌ని మాట్లాడుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఒకరి తప్పు నుంచి ఇంకొకరూ నేర్చుకుంటారు.

ఎవరిని పెట్టాలి? 132 వచ్చిందని స్కోర్‌కార్డు చూపించినంత మాత్రాన సరిపోదు. తనకి ఇట్టే వచ్చేసినవాళ్లకి, రానివాళ్లకి ఎందుకు రావట్లేదో తెలియకపోవచ్చు. ఒక గంట ట్రయల్ అడగండి. పాపకి తప్పు పోయిన ప్రశ్న ఇచ్చి చెప్పమనండి. వెంటనే జవాబు చెప్పేస్తే వద్దు. "నువ్వు సీ ఎందుకు పెట్టావు?" అని ముందు పాపని అడిగితే ఆ మనిషి మంచివాడు. ఇండియా నుంచి ఆన్‌లైన్‌లో తక్కువకి చెబుతామని కూడా కొందరు వస్తారు. ఫిజిక్స్‌కి సరే. ఈ సెక్షన్‌లో ఇక్కడి సమాజం, ఇక్కడి వైద్యంలోని తేడాలు, రేస్, పేదరికం అన్నీ వస్తాయి, కాబట్టి ఈ మధ్య ఈ పరీక్షే రాసినవాళ్లయితే మేలు. స్కోరు పెరగకపోతే డబ్బు వాపస్ అనే గ్యారంటీలు చూసి మురిసిపోకండి. అన్ని క్లాసులకీ వచ్చి ఉండాలి, ప్రతి హోంవర్కూ చేసి ఉండాలి లాంటి షరతులు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ఇంకో జాగ్రత్త. మన తెలుగువాళ్ల అబ్బాయే, మంచి స్కోరు వచ్చింది, గంటకు నలభై ఇస్తే చాలంటాడు. అతను ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీదో, వర్క్ పర్మిట్ లేని హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్యాభర్తలకి, పిల్లలకి ఇచ్చే వీసా) మీదో ఉంటే డబ్బిచ్చి చెప్పించుకోకండి. మీకు చవకే, కానీ అనుమతి లేని పని చేసినట్టయి అతని స్టేటస్‌కి ఎసరొస్తుంది.

పరీక్ష రోజు సైక్-సోష్ ఆఖరున వస్తుంది. పొద్దున్నుంచి మూడు సెక్షన్లు రాసి, తల వాచిపోయాక దీన్ని రాయాలి. బ్రేకులతో కలిపి ఏడున్నర గంటల వ్యవహారం. ఇంట్లో కాఫీ తాగి ఫ్రెష్‌గా కూర్చుని ఈ ఒక్క సెక్షన్ చేస్తే వచ్చే స్కోరు నమ్మదగ్గది కాదు. ఆఖరి నెలలో ఏఏఎంసీ వాళ్ల ఫుల్ లెంగ్త్ టెస్టులు పొద్దున మొదలుపెట్టి ఒకే ఊపులో రాయించండి. ఆ రోజు ఇంటికి చుట్టాల్ని పిలవకండి.

ట్యూటర్ కంటే పెద్ద విషయం మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు, వీసా. పాపకి 21 నిండితే హెచ్4 ఉండదు, ఎఫ్1కి మారాలి. హెచ్4 అయినా ఎఫ్1 అయినా చాలా మెడికల్ కాలేజీలు ఇంటర్నేషనల్ కిందే లెక్కేస్తాయి. గ్రీన్ కార్డు లేనివాళ్లని అసలు తీసుకోని కాలేజీలు బోలెడు. తీసుకునేవాటిలో కొన్ని ఫీజుకి సరిపడా డబ్బు ముందే చూపించమంటాయి. ఫెడరల్ లోన్లు దొరకవు. ఏఏఎంసీ వాళ్ల ఎంసార్ డేటాబేస్‌లో ఏ కాలేజీ ఎవరిని తీసుకుంటుందో ఉంటుంది. పాపా మీరూ కలిసి ఒక లిస్టు రాసుకోండి, మిగతా ఖర్చులు ఆ లిస్టు చేతికొచ్చాక. పరీక్షను జీవితంలో ఏడుసార్లకు మించి, ఒకే ఏడాదిలో మూడుసార్లకు మించి రాయనివ్వరు. "ఊరికే ఒకసారి రాసి చూద్దాం" అని మాత్రం పంపకండి. వచ్చిన స్కోరు కాలేజీలకి కనబడుతుంది.

మీ అక్కగారి అమ్మాయికి ఎంక్యాట్ అక్కర్లేదు. అది మెడికల్ కాలేజీలో చేరేవాళ్లకి. ఆమె ఎంబీబీఎస్ చదువుతోంది కాబట్టి రాయాల్సింది యూఎస్ఎంఎల్ఈ అనే డాక్టర్ల లైసెన్స్ పరీక్ష, తెచ్చుకోవాల్సింది విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లకిచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్, తర్వాత రెసిడెన్సీ మ్యాచ్, అంటే ఆసుపత్రి శిక్షణకి సీటు కేటాయించే పద్ధతి. యూఎస్ఎంఎల్ఈ మొదటి భాగమైన స్టెప్ 1కి 2022 జనవరి నుంచి స్కోరు లేదు, పాసా ఫెయిలా అనే చెబుతున్నారు. రెండో భాగమైన స్టెప్ 2 సీకేకి స్కోరుంది, రెసిడెన్సీ ప్రోగ్రాములు దాన్నే చూస్తాయి. ఆ పరీక్షల్లో కూడా పేషెంట్‌తో మాట్లాడే తీరు, బయోస్టాటిస్టిక్స్ మీద ప్రశ్నలు వస్తాయి. మనవాళ్లు వాటినీ ఆఖరికే వదిలేస్తారు. ఆమెకి ఫోన్ చేసినప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి.